కింద ఫ్రీజర్ ఉన్న ఫ్రిజ్: వారంటీ దాటాక తెలిసిన సంగతులు

ఫ్రీజర్ కింద, ఫ్రిజ్ పైన ఉండే మోడల్‌ని మేం కొన్నేళ్లుగా వాడుతున్నాం. కొత్తలో రివ్యూ రాస్తే రంగు, అరలు, లైటు గురించి తప్ప రాయడానికి ఏమీ ఉండదు. ఫ్రిజ్ అసలు గుణం వారంటీ దాటాకే తెలుస్తుంది.

ముందు బాగున్నవి చెప్తాను. మనం రోజంతా తీసేదీ వేసేదీ పై తలుపే. పాలు, కూరలు, పండ్లు కంటికి ఎదురుగా ఉంటాయి. కూరగాయల డ్రాయర్ నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని కోసం నేల దాకా వంగే పని లేదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే, ఈ ఒక్క కారణంతోనే ఈ మోడల్ కొనమంటాను. ఐస్ కోసం మాటిమాటికీ ఫ్రీజర్ తెరిచే ఇంటికి మాత్రం ఇది నప్పదు. ఫ్రీజర్‌లో అరలకి బదులు డ్రాయర్లుండటం నాకు బాగా నచ్చింది. ఏ వస్తువు ఎక్కడుందో తెలుస్తుంది, తలుపు తీసినా చల్లదనం అంతా ఒక్కసారిగా బయటికి పోదు.

ఇక రిపేర్ల సంగతి. మా దాంట్లో చల్లదనం పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక గోడకి ప్లాస్టిక్ ప్యానెల్ ఉంటుంది, దాని వెనక కాయిల్, అంటే చల్లబడే పైపుల చుట్ట, దాని పైన చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్ చల్లగాలిలో కొంత ఫ్రీజర్‌లోకి వదిలి, కొంత వెనక గొట్టంలోంచి పైకి నెడుతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది, దానంతటది పైకి పోదు. అందుకే ఫ్యాన్ ఆగినా, గాలి దారి మూసుకుపోయినా ముందు దెబ్బ తగిలేది పై భాగానికే. కింద ఐస్ గట్టిగానే ఉంటుంది, పైన పాలు మాత్రం విరిగిపోతాయి.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పిలిచిన మెకానిక్ తలుపు తీసి చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అన్నాడు. ప్యానెల్ విప్పలేదు, కరెంట్ పరీక్షించే మీటర్ బయటికి తీయలేదు. లీక్ ఎక్కడుందో చూపించమంటే జవాబు లేదు. ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టించే ఈ గ్యాస్ వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. అది మూసేసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, లీకైతేనే తగ్గుతుంది. తగ్గితే ఫ్రీజర్ కూడా నీరసపడుతుంది, కాయిల్ మీద మంచు ఒక మూలే పట్టి మిగతాది ఖాళీగా ఉంటుంది. ఫ్రీజర్ రాయిలా గడ్డకట్టిస్తుంటే గ్యాస్ మాట నమ్మడానికి లేదు. గ్యాస్ వద్దని ఆయన్ని పంపించేశాం.

తర్వాత వచ్చిన మెకానిక్ మొదట ఆ ప్యానెలే విప్పాడు. కాయిల్ రెక్కలు ఒక్కటీ కనబడలేదు, కింది నుంచి పై దాకా తెల్లటి గోడలా మంచు. ఫ్యాన్ రెక్క ఆ మంచుకి తగులుతూ గరగరమంటోంది. ఇలాంటి ఫ్రిజ్‌లు కాయిల్ మీద పట్టిన మంచుని అప్పుడప్పుడూ వాటంతటవే కరిగించుకుంటాయి, దానికోసం కాయిల్ కింద హీటర్ ఉంటుంది. కాయిల్ బాగా చల్లబడి ఉన్నప్పుడు హీటర్‌కి కరెంట్ వెళ్లనిచ్చి, మంచు కరిగాక ఆపేసే చిన్న థర్మోస్టాట్ కూడా ఉంటుంది. మీటర్ పెట్టి చూస్తే హీటర్ బాగానే ఉంది, థర్మోస్టాట్ పోయింది. బొటనవేలంత భాగం! అది మార్చాక పై భాగం మళ్లీ మామూలుగా చల్లబడింది.

అందుకే నేను నొక్కి చెప్పేది ఒకటే. ఫ్రీజర్ బాగుండి పైన చల్లదనం తగ్గితే గ్యాస్ గురించి టెన్షన్ పడకండి, ముందు గాలి ఎక్కడ ఆగిందో చూడండి. పై భాగం లోపల వెనక గోడకున్న గాలి రంధ్రాలకి డబ్బాలు అడ్డం పెట్టారేమో చూడండి, చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. ఆ తర్వాత ఫ్యాన్. తలుపు తీస్తే మా దాంట్లో ఫ్యాన్ ఆగిపోతుంది, కాబట్టి తలుపు దగ్గరున్న స్విచ్‌ని వేలితో నొక్కిపెట్టి చప్పుడు వింటాం. అదీ తేలకపోతే సామాన్లు ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవడం మర్చిపోకండి, చాలా నీళ్లొస్తాయి. మళ్లీ ఆన్ చేశాక కొన్నాళ్లు బాగా పనిచేసి అదే జబ్బు తిరిగొస్తే, మంచు కరిగించే ఏర్పాటులోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మెకానిక్‌కి ఈ ఒక్క విషయం చెప్తే సగం పని తేలికవుతుంది.

మంచుని చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో మాత్రం గీకొద్దు. కాయిల్ పైపు మెత్తటి అల్యూమినియంది, చిల్లు పడితే ఫ్రిజ్ పనే అయిపోవచ్చు. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్600ఎ గ్యాస్ మండే రకం.

రెండో పెద్ద బెడద నీళ్లు. కరిగిన మంచు నీరు కాయిల్ కిందున్న చిన్న రంధ్రంలోంచి పైపు ద్వారా వెనకకి, కంప్రెసర్ (గ్యాస్‌ని పైపుల్లో తిప్పే మోటారు) మీదున్న ట్రేలోకి పోయి ఆ వేడికి ఆవిరైపోవాలి. ఆ రంధ్రంలో చెత్త చేరినా ఐస్ బిరడా పడినా నీళ్లు ఫ్రీజర్ అడుగుకే వచ్చి పలకలా గడ్డకడతాయి. కింది డ్రాయర్ ఆ పలకని తట్టుకుని పూర్తిగా లోపలికి పోదు, దాంతో తలుపు వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. ఆ సందులోంచి తేమ దూరి ఇంకా మంచు పడుతుంది. చూసేవాళ్లు తలుపు రబ్బరు పోయిందనుకుంటారు, అసలు జబ్బు రంధ్రంలో ఉంటుంది. ఫ్రీజర్ డ్రాయర్ బిగుసుకుంటోందంటే నేను ముందు కింద చెయ్యి పెట్టి నున్నటి ఐస్ తగులుతుందేమో చూస్తాను. తగిలితే ప్లగ్ తీసి, ప్యానెల్ విప్పించి, పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్లు ఆ రంధ్రంలోకి మెల్లగా ఎక్కిస్తాం. వెనక ట్రేలో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడితే దారి తెరుచుకున్నట్టే. కొన్నిటికి పైపు చివర చిన్న రబ్బరు మూతి ఉంటుంది, దానికి దుమ్ము పట్టి అతుక్కుపోతుంది, దాన్ని కూడా తీసి కడగాలి.

తలుపు రబ్బరుకి పెద్ద సేవేమీ అక్కర్లేదు, కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో మడతల్లో తుడిస్తే చాలు. కాగితం పెట్టి తలుపు వేసి లాగితే కొంచెం బిగువుగా రావాలి. ఒకచోట వదులుగా ఉంటే అక్కడ హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే రబ్బరు మళ్లీ సర్దుకుంటుంది. ఫ్రిజ్ ముందువైపు కాళ్లని రవ్వంత ఎత్తులో ఉంచితే తలుపు దానంతటదే పడుతుంది.

డిస్‌ప్లేలో అంకె చూసి తృప్తిపడొద్దని మాత్రం చెప్తాను. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. పైన 3, 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. మంచు పడుతోందని ఫ్రీజర్‌ని ఇంకా చల్లగా పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

కొన్ని చప్పుళ్లకి, వేడికి భయపడాల్సిన పని లేదు. హీటర్ మీద నీటిచుక్కలు పడి సుయ్‌మంటాయి, గ్యాస్ గలగలమంటుంది, ప్లాస్టిక్ సర్దుకుంటూ టక్కుమంటుంది. ఫ్రిజ్ పక్క గోడలు వెచ్చగా ఉన్నాయంటే చాలా మోడళ్లలో వేడి అటునుంచే బయటికి పోతుందని అర్థం, అందుకే గోడకి ఆనించకూడదు. ఇన్వర్టర్ కంప్రెసర్, అంటే అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం, నెమ్మదిగా చాలాసేపు తిరగడం కూడా మామూలే. వేడిని వదిలే కాయిల్ వెనక బయటికి కనబడే ఫ్రిజ్ అయితే, ప్లగ్ తీసి దుమ్ము దులపాలి. ప్లగ్ తీసిన వెంటనే మళ్లీ పెట్టకుండా ఓ ఐదు నిమిషాలు ఆగండి, పైపుల్లో ఒత్తిడి సర్దుకోకుండా కంప్రెసర్ స్టార్ట్ అవడానికి ఇబ్బంది పడుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. కాకపోతే షాపులో ఫ్రీజర్ తలుపు తీసి, డ్రాయర్లు పూర్తిగా బయటికి లాగి చూసి మరీ కొంటాను. చాలా మోడళ్లలో తలుపు 90 డిగ్రీలు దాటి తెరిస్తే తప్ప డ్రాయర్ బయటికి రాదు. ఇంట్లో తలుపు కీలు ఉన్న పక్కనే గోడ ఉంటే ఆ డ్రాయర్లు తీయలేరు, అవి తీయకపోతే వెనక ప్యానెల్ దగ్గరికే వెళ్లలేరు. తలుపు కీలు రెండో పక్కకి మార్చుకునే వీలుందో లేదో కూడా అప్పుడే అడగండి.