చిలికాలో దీపం లేని స్తంభం

చుట్టాలొస్తే మా బరంపురం వాళ్లం మొదట తీసుకెళ్లేది గోపాల్‌పూర్‌కే. సముద్రం, లైట్‌హౌస్, అక్కడి జాలర్లు నోలియాల తెలుగు, అన్నీ అయిపోతాయి. మా ఒడిశాలోని చిలికా సరస్సులోనూ దీపం కోసం కట్టిన స్తంభం ఒకటుందని నలభై దాటాక గాని నాకు తెలీలేదు. దానికోసమే జనవరిలో బావతో కలిసి సరస్సు ఒడ్డునున్న రంభ వెళ్లాను.

ముందు బస సంగతి. హైవే పక్కన చవగ్గా దొరికిన లాడ్జిలో దిగి తప్పు చేశాం. రాత్రంతా లారీల హారన్లు, తెల్లారేసరికి గీజర్లో చన్నీళ్లు. పది నిమిషాల నడక ఎక్కువైనా సరస్సు వైపే గది చూసుకోండి. తిండికి మాత్రం వంక పెట్టలేం. ఒక పాక హోటల్లో తిన్న పీతల కూర కోసం బావ మళ్లీ వస్తానంటున్నాడు.

జెట్టీ దగ్గర బోటాయన బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, పక్షులు అంటూ గడగడా చెప్పేశాడు. మేం ఆ స్తంభం ఉన్న బీకన్ ఐలాండ్ అనేసరికి, "అక్కడేముంది బాబూ, ఒక గది, ఒక స్తంభం" అన్నాడు వచ్చీరాని తెలుగులో. మాక్కావలసింది అదేనన్నాం. బేరమాడితే మూడొందలు తగ్గాడు.

నిజంగానే అక్కడున్నది ఒక గది, ఒక స్తంభం. ఘంటశిల కొండకు దగ్గర్లో, నీళ్లలోంచి లేచిన బండ మీద కట్టారు. స్తంభం మొదట్లో లావుగా, పైకి పోను పోను సన్నంగా ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించాడు, కొసన దీపం పెట్టడానికి. "ఫైళ్లు తప్పించుకోడానికి ఇక్కడ దాక్కునేవాడేమో" అన్నాడు బావ. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఆ ఫైళ్లు కూడా అటే పోయుంటాయి.

గోడ మీద మేకుతో గీకిన పేర్లు, బాణం గుచ్చిన గుండెలు. ఇది ఎవరు కట్టారో, ఎందుకో చెప్పే బోర్డు మాకు కనబడలేదు. చిలికాకి 1981లోనే రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, మన దేశంలో మొట్టమొదట అది అందుకున్నవాటిలో ఇదొకటి. పక్షుల పేర్లు బోటాయనకి నోటికొచ్చు. స్తంభం గురించి అడిగితే "సాహెబ్ కట్టాడు" అని ఊరుకున్నాడు.

నా భయం గీతల గురించి కాదు. రేపెవరో బాగుచేస్తామంటూ సిమెంటు బస్తాలతో దిగుతారేమోనని. పాతకాలపు సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పైన సిమెంటు మెత్తితే ఆ తడికి దారుండదు. ఉప్పు లోపలే పొక్కి గోడ పొరలుగా రాలిపోతుంది. చిలికావి అసలే ఉప్పు కలిసిన నీళ్లు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే అలా వదిలేయడమే నయం.

డాల్ఫిన్లు కావాలంటే సాతపడా వెళ్లండి, పిల్లలతో అయితే గోపాల్‌పూరే సుఖం. ఇక్కడికైతే పొద్దున్నే, గాలి లేవకముందే బయల్దేరాలి. రాళ్లకు పాచి పట్టి ఉంది, పట్టుకోడానికి ఏమీ లేదు. దిగబోయి బావ ఒక చెప్పు చిలికాకి సమర్పించుకున్నాడు. బోటాయన తెడ్డుతో కాసేపు వెతికాడు గాని దొరకలేదు.