లిథియం మాత్రలు: మందుకు మంచి మార్కులు, అమ్మే తీరుకు తక్కువ

బైపోలార్ డిజార్డర్ (అదుపులేని ఉద్రేకం అంటే ఉన్మాదం, కుంగుబాటు విడతలుగా వచ్చే మానసిక జబ్బు) ఉన్న మా తమ్ముడికి డాక్టరు రాసే మందుల్లో ప్రధానమైనది లిథియం కార్బొనేట్. ఆ మాత్రలు కొనడం, వేళకు అందించడం, రక్తపరీక్షకు వెంట వెళ్లడం కొన్నేళ్లుగా నా పని కాబట్టి ఆ అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఎవరికి ఎంత మోతాదు అన్నది సైకియాట్రిస్టు తేల్చవలసిన విషయం, దాని జోలికి నేను వెళ్లను. ఈ మందును విడిగా అంచనా వేయడం కుదరదని మాత్రం ముందే చెప్పాలి. మాత్ర, రక్తపరీక్ష రెండూ కలిస్తేనే వైద్యం పూర్తవుతుంది. మన దగ్గర మాత్రను ఒకరు, పరీక్షను ఇంకొకరు అమ్ముతారు. రెండింటినీ కలిపి చూసుకునే భారం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

మన మందుల దుకాణాల్లో ఇది లిథోసన్, లికాబ్, ఇంటాలిత్ వంటి పేర్లతో దొరుకుతుంది. 300 మిల్లీగ్రాముల మామూలు మాత్ర ఒక రకం, మందును నెమ్మదిగా విడుదల చేసే 400 లేదా 450 మిల్లీగ్రాముల మాత్ర మరో రకం. మామూలు మాత్ర వేసుకున్న కాసేపటికే రక్తంలో మందు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి కొందరికి కడుపులో తిప్పినట్లు ఉంటుంది. డాక్టరు రెండో రకానికి మార్చి, భోజనం తరువాత వేసుకోమన్నాక మా తమ్ముడికి ఆ బాధ తగ్గింది. ఈ రెండో రకాన్ని నమలకూడదు, పొడిచేసి నీళ్లలో కలపకూడదు. అన్ని కంపెనీల మాత్రలూ ఒకే వేగంతో మందును వదలవు కాబట్టి, కంపెనీ మారితే డాక్టరుకు చెప్పి రక్తంలో స్థాయి మళ్లీ చూపించుకోవాలి. "అదే మందు, కంపెనీయే వేరు, తీసుకెళ్లండమ్మా" అనే మాట మిగతా మందుల విషయంలో ఎలా ఉన్నా ఇక్కడ చెల్లదు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న పాత మందు కావడంతో ధర తక్కువే. మాకు నెల మాత్రలకయ్యే ఖర్చు కంటే ఒక్క రక్తపరీక్షకయ్యే ఖర్చే ఎక్కువ.

పనితనంలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాను. ఇది నిద్రమాత్ర కాదు, వేసుకున్న రాత్రికే ఉద్రేకం చల్లారదు. గుణం కనిపించడానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు కాబట్టి ఆలోగా డాక్టర్లు వేరే మందులు జతచేస్తారు. ఉన్మాదం, కుంగుబాటు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా ఆపడంలోనే దీని అసలు బలం ఉంది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న కొద్దిపాటి మందుల్లో ఇదొకటి. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదం ఉన్న పదిమందికి దీన్ని ఇచ్చి 1949లో ఫలితాలు ప్రచురించారు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో క్రమపద్ధతిలో పరీక్షించి చూపించారు. అయినా అమెరికాలో అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. కేడ్ వ్యాసం వెలువడిన 1949లోనే అక్కడ లిథియం క్లోరైడును వంట ఉప్పుకు బదులుగా అమ్మడం, కొలతా లెక్కా లేకుండా దాన్ని వాడిన గుండెజబ్బు రోగుల్లో కొందరు చనిపోవడం ఆ జంకుకు ఒక కారణం.

కొలత తెలిసేది రక్తంలోనే. దీర్ఘకాలం వాడేవారిలో ఎక్కువమందికి లీటరు రక్తానికి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ మధ్య ఉండేలా చూస్తారు, ఉద్రేకం తీవ్రంగా ఉన్నప్పుడు 1.0 దాకా, అవసరమైతే ఇంకొంచెం పైకి తీసుకువెళ్తారు. 1.5 దాటితే విషప్రభావం ముప్పు బాగా పెరుగుతుంది, 2 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా వారానికి ఒకసారి పరీక్ష చేయించాలి. నిలకడ వచ్చాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తరువాత వయసును, ఇతర జబ్బులను బట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆరు నెలలకోసారి మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం కూడా చూపించుకోవాలి.

ల్యాబ్ సేవలకు నేను మార్కులు కోసేది ఇక్కడే. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే ఉదయం తొమ్మిదికి రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర ఉంటే అది రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మేము మొదట్లో వెళ్లిన ల్యాబ్‌లో, ఈ పరీక్షకు అక్కరలేకపోయినా, పరగడుపున వచ్చారా అని అడిగారే తప్ప చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారని అడిగిన పాపాన పోలేదు. ఇంటికి వచ్చి రక్తం తీసే సేవలో ఇబ్బంది మరోరకం: తొమ్మిదికి బుక్ చేస్తే, దారిలో ఇంకో నాలుగు ఇళ్లున్నాయంటూ ఏడు గంటలకే తలుపు తడతారు. తొందరగా తీసిన రక్తంలో అంకె ఎక్కువగా కనిపిస్తుంది, అది చూసి మోతాదు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది. తొందరపడి చెయ్యి చాపవద్దు, తొమ్మిదికే రమ్మని నిక్కచ్చిగా చెప్పండి.

అంతకన్నా పెద్ద చిక్కు రక్తం పట్టే గొట్టంతో వస్తుంది. పచ్చ మూత ఉన్న గొట్టాల్లో చాలావాటి లోపల, రక్తం గడ్డకట్టకుండా, లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో పట్టిన రక్తానికి గొట్టంలోని లిథియం తోడవుతుంది. ఒక్క మాత్రయినా మింగని మనిషి రక్తంలో కూడా అది లిథియం చూపించగలదు. ఒకసారి ఆ పాత ల్యాబ్‌లో అబ్బాయి చేతిలో పచ్చ మూత చూసి "ఇది లిథియం పరీక్ష, ఎర్ర మూతది తీసుకోండి బాబూ" అని నేను చెబితే, అతను లోపలికి వెళ్లి అడిగి వచ్చి మార్చాడు. ఈ సంగతి రోగి అక్కకు తెలియాల్సిన అవసరం ఉండకూడదు. ఇప్పుడు వెళ్తున్న ల్యాబ్‌లో టెక్నీషియన్ గారు చివరి మోతాదు వేళను అడిగి చీటీ మీద రాసుకుంటారు, రిపోర్టు అదే సాయంత్రం ఇస్తారు. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడికే వెళ్తున్నాం.

ఇక ఉప్పు, నీరు. మూత్రపిండాలు లిథియాన్ని సోడియంతో పాటే వెనక్కి లాక్కుంటాయి. ఒంట్లో ఉప్పు తగ్గినా, నీరు తగ్గినా ఉన్న లిథియాన్ని కూడా వదలకుండా పట్టుకుంటాయి, దాంతో అదే మోతాదుకు రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. మన ప్రాంతంలో ఈ ముప్పు చాలా దారుల్లో వస్తుంది. ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారం మొదలుపెట్టేవారు, బీపీ వచ్చిందని ఒక్కరోజులో ఊరగాయలు, అప్పడాలు మానేసేవారు, శివరాత్రికి నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేవారు, రంజాన్ రోజాలు పాటించేవారు ముందుగా డాక్టరును అడిగి తీరాలి. మా ఇంట్లో ఆవకాయ మానలేదు, పెంచలేదు. రోజూ తినే ఉప్పు ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండాలన్నదే డాక్టరు మాట. రోహిణి కార్తె ఎండల్లో బయట తిరిగినా, వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకున్నా నీళ్లు, ఓఆర్ఎస్ తాగిస్తూ వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ పూట మాత్ర ఆపాలా అన్నది వారు చెబుతారు. టీ, కాఫీల అలవాటు కూడా ఒక్కసారిగా మానకూడదు, కెఫీన్ తగ్గితే లిథియం పెరుగుతుంది.

మందుల దుకాణాల మీద నా ఫిర్యాదు నొప్పి మాత్రల గురించి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. లిథియం చీటీ చేతిలో పట్టుకుని పంటినొప్పికి ఏదైనా ఇవ్వమంటే, చీటీ చదివిన మనిషే ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర తీసి కౌంటరు మీద పెట్టాడు. జ్వరానికైనా, నొప్పికైనా మామూలు పారాసిటమాల్ సరిపోతుంది. బీపీ మాత్రల్లో రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లతో జాగ్రత్త అవసరం. మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్‌లతో మరీ అవసరం. ఇవి టెల్మిసార్టాన్‌తో కలిసి ఒకే మాత్రగా వస్తాయి కాబట్టి బ్రాండు పేరు చూసి ఊరుకోకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న రసాయన పేర్లు చదవాలి. గుండె డాక్టరు, పళ్ల డాక్టరు, ఎముకల డాక్టరు ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా లిథియం సంగతి చెప్పడం మేలు.

దుష్ప్రభావాలు లేవని చెప్పను. దాహం, తరచూ మూత్రానికి వెళ్లడం, బరువు పెరగడం, చేతి వేళ్లలో సన్నని వణుకు మా తమ్ముడికీ ఉన్నాయి. కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి మూత్రపిండాల పని తగ్గుతుంది. పరీక్షలు మానకూడదనడానికి కారణం ఇదే. సన్నని వణుకు ముదిరి గ్లాసు పట్టుకోలేనంతగా మారినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులు, విరేచనాలతో పాటు మగత కమ్మినా అది విషప్రభావం కావచ్చు. అప్పుడు తరువాతి మాత్ర వేయకుండా నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. పరిస్థితిని బట్టి అక్కడ డయాలసిస్ కూడా చేస్తారు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వేయకూడదు. బాగున్నాం కదా అని ఒక్కసారిగా మానేస్తే ఉన్మాదం తిరగబెట్టే ముప్పు ఎక్కువ. ఆపవలసి వస్తే డాక్టర్లు వారాలు, వీలైతే నెలల మీద తగ్గిస్తూ ఆపుతారు. గర్భం దాల్చాలనుకుంటున్న స్త్రీలు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే భయపడి సొంతంగా మందు ఆపడం కూడా ప్రమాదమే.

బ్రిటన్‌లో లిథియం వాడేవారికి రక్తపరీక్ష అంకెలు రాసుకునే చిన్న పుస్తకం, జేబులో పెట్టుకునే హెచ్చరిక కార్డు ఇచ్చే పద్ధతి ఉంది. ఇక్కడ మేము కొన్న స్ట్రిప్పులతో అలాంటిదేదీ రాలేదు. తేదీ, మోతాదు, కంపెనీ, రక్తం ఇచ్చిన వేళ, వచ్చిన అంకె రాసే నోటుపుస్తకం మేమే పెట్టుకున్నాం, డాక్టరు గారు ప్రతిసారీ ముందు దాన్నే చూస్తారు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఫోన్‌లో సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 తెలుగులోనూ పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి స్ట్రిప్పు కొనేలోపే ల్యాబ్‌ను వెతికి పెట్టుకోవాలి. చిన్న ఊళ్లలో చాలా ల్యాబ్‌లు రక్తాన్ని నగరానికి పంపి రెండు మూడు రోజులకు రిపోర్టు తెప్పిస్తాయి. మామూలు పరీక్షకు అది చాలు, అనుమానం వచ్చిన రోజున అదే రోజు అంకె చెప్పగలిగిన ఆసుపత్రి ఎక్కడుందో ముందే కనుక్కుని ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచాలి.