చదివిన పుస్తకాల లెక్క: యాప్ మేలా, గూగుల్ షీట్ మేలా, లెడ్జర్ మేలా?

ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదివామో తెలియడానికైతే ఏ పద్ధతైనా ఒకటే. క్యాలెండర్ మీద గీతలు గీసుకున్నా సరిపోతుంది. ఎప్పుడూ ఒకే రకం పుస్తకాలు పట్టుకుంటున్నామా, కొత్తవైపు ఏమైనా కదిలామా అని చూసుకోవాలంటే మాత్రం ఎక్కడ రాస్తున్నాం, ఏం రాస్తున్నాం అన్నదాన్ని బట్టే ఉంటుంది. మా ఇంట్లో మూడు పద్ధతులూ నడుస్తున్నాయి. ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్న మా అక్క కూతురు, చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే గుడ్‌రీడ్స్ యాప్ వాడుతుంది. బ్యాంకులో పనిచేసే మా బావమరిది అన్నిటికీ గూగుల్ షీట్ తెరుస్తాడు. నాది తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న లెడ్జర్.

గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది. 2013లో అమెజాన్ కొనేసింది. ఈ రెండో సంగతి తెలుగువాళ్ళు కాస్త పట్టించుకోవాలి. ఈ-పుస్తకాలు చదివే కిండిల్ కూడా అమెజాన్‌వాళ్ళదే కాబట్టి, రెండు ఖాతాలూ కలిపి ఉంచితే అందులో చదివిన పుస్తకం అక్కడినుంచే గుడ్‌రీడ్స్‌లోకి వెళ్ళిపోతుంది, మనకు పని ఉండదు. అయితే 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. మన పుస్తకం ఎక్కువగా అచ్చులోనే చదవాలి, దాని పేరు మనమే వెతకాలి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కదా, నాలుగు రకాలుగా కొట్టి చూస్తే ఒక్కోసారి దొరుకుతుంది. దొరక్కపోతే రచయిత, ప్రచురణ, పేజీలు, అట్ట బొమ్మ అన్నీ సేకరించి ఇచ్చి ఎక్కించే ఏర్పాటు చూసుకోవాలి. రాత్రి పదకొండు గంటలకు పుస్తకం ముగించినవాళ్ళు ఆ పని చేస్తారా? రేపు చూద్దాంలే అనుకుంటారు, అంతే.

ఇంగ్లీషు పుస్తకమేమో ఒక్క నొక్కుతో చేరుతుంది, తెలుగు పుస్తకం పేచీ పెడుతుంది. ఏడాది చివర్లో మా అక్క కూతురు తన పేజీ చూసుకుని, "ఏంది మామా, నేనసలు తెలుగే చదవనట్టుంది!" అంది. నిజానికి ఆ ఏడాది తన ప్రాజెక్టు కోసం సీమ కథలు బోలెడు చదివింది. విస్తారంగా చదవాలన్న ఉద్దేశంతో లెక్క పెట్టేవాళ్ళకు ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది? లేని లోటు కనబడుతుంది, ఉన్న లోటు కనబడకుండా పోతుంది.

ఇంకొకటి, ఏడాదికి ఇన్ని పుస్తకాలని గుడ్‌రీడ్స్‌లో పెట్టుకునే టార్గెట్. నలభై పేజీల చిన్న పుస్తకం ఒకటే, తొమ్మిది వందల పేజీల నవలా ఒకటే. డిసెంబరు రాగానే టెన్షన్ మొదలై, చేతులు సన్నపాటి పుస్తకాల వైపు పోతాయి. పైగా స్నేహితులు చూస్తుంటారు కాబట్టి బస్సులో చదివిన డిటెక్టివ్ నవల ఆ జాబితాకు ఎక్కదు. చదవాలనుకునే పుస్తకాల జాబితా పెట్టుకోవడానికి, షాపులో బార్‌కోడ్ స్కాన్ చేసి పదిమంది ఏమన్నారో చూడ్డానికి మాత్రం దీన్ని మించింది లేదు.

దీనికి పోటీగా స్టోరీగ్రాఫ్ ఉంది. నాదియా ఒడునాయో అనే ప్రోగ్రామర్ 2019లో మొదలుపెట్టింది. గుడ్‌రీడ్స్ లెక్కను ఫైలుగా దింపి ఇందులో ఎక్కించుకోవచ్చు. కథాసాహిత్యం ఎంత, ఇతరం ఎంత, పుస్తకాల మూడ్ ఏమిటి, నడక వేగమా నిదానమా, అన్నిటికీ బొమ్మలు గీసి చూపిస్తుంది. ఎక్కువగా ఇంగ్లీషు చదివేవాళ్ళు గుడ్‌రీడ్స్ వదిలేసి దీనికి మారొచ్చు. కాకపోతే ఆ మూడ్, ఆ వేగం చెప్పేది తోటి పాఠకులే. మనం తప్ప ఇంకెవరూ నమోదు చేయని తెలుగు పుస్తకానికి అదేం చెబుతుంది?

గూగుల్ షీట్‌లో ఈ బాధ లేదు. గడులు మనవి, భాష మనది, ఫోన్లో తెలుగులోనే టైపు చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఒకచోట "నవల", ఇంకోచోట "నవలలు", మరోచోట చివర ఖాళీ వదిలి "నవల " అని కొడితే షీట్ దృష్టిలో అవి మూడు రకాలు. అందుకే మా బావమరిది ప్రక్రియకీ భాషకీ డ్రాప్‌డౌన్ పెట్టాడు, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడమే. మంచి పని. ఆయనకున్న చిక్కు వేరే. రంగులు మార్చడం, కొత్త గ్రాఫ్ పెట్టడం, ఆదివారమంతా షీట్‌తోనే సరి. పుస్తకం టీపాయ్ మీదే ఉంటుంది.

ఇక లెడ్జర్. నిలువు గీతలు ముందే కొట్టి ఉంటాయి, అదే దాని సుఖం. పేరు, రచయిత కాకుండా నేను పెట్టుకున్న గడులు ఇవి: మూల భాష, మొదట అచ్చయిన ఏడు, రచయిత ఏ ప్రాంతం, రచయిత్రి అయితే ఒక చుక్క, ఎక్కడ దొరికింది, పూర్తి చేశానా వదిలేశానా.

వీటిలో ఎక్కువ పని చేసేది మూల భాష గడి. కేంద్ర సాహిత్య అకాడమీ 24 భాషలకు అవార్డులిస్తుంది. ఆ 24 పేర్లూ లెడ్జర్ వెనక అట్ట లోపల రాసుకుని, ఒక భాష నుంచి అనువాదం చదివినప్పుడల్లా టిక్కు పెట్టండి. బెంగాలీ, హిందీ తొందరగా నిండుతాయి. పక్కనున్న తమిళం, కన్నడం ఖాళీగా కనబడతాయి. మన దగ్గర ఇది మరీ విడ్డూరం. నగరి, పుత్తూరు వైపు తమిళం గలగలా మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, చిత్తూరులో బస్సెక్కితే గంటలో వేలూరు, అయినా తమిళ అక్షరాలు చదవగలిగేది కొద్దిమందే. మాట్లాడే భాషే కదా అని ధీమాగా ఉంటామేమో, అనువాదం కోసమూ వెతకం. ఖాళీ గడి చూశాకే ఆ సంగతి తడుతుంది.

"ఎక్కడ దొరికింది" అనే గడి ఈ యాప్‌లలో ముందుగా కనబడదు. అది చూస్తే మన అభిరుచి అనుకున్నది చాలామటుకు ఒకే షాపువాడి అలమర అని తేలొచ్చు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం. నెలకోసారి లైబ్రరీకి వెళ్ళి, మామూలుగా నిలబడని బీరువా ముందు నిలబడితే ఆ గడిలో కొత్త మాట పడుతుంది, డబ్బు ఖర్చు లేకుండానే.

తిరుపతిలో ఇంకో ప్రశ్న వస్తుంది: రోజూ చేసే పారాయణం లెక్కలోకి వస్తుందా? నేనైతే కలపను. ఆ చదువు పద్ధతే వేరు, దానికి ఎంత విస్తారంగా చదివామన్న కొలత పెట్టడం సరికాదు. కావాలంటే చివరి పేజీల్లో విడిగా రాసుకోవచ్చు.

ఎవరికి ఏది మేలంటే, ఎక్కువగా ఇంగ్లీషు చదివేవాళ్ళకు స్టోరీగ్రాఫ్. వారానికి రెండు మూడు పుస్తకాలు లాగించేసేవాళ్ళకు షీట్, ఎందుకంటే అంత పెద్ద జాబితాను కళ్ళతో లెక్కపెట్టలేం. తెలుగే ఎక్కువగా, నెలకు రెండో మూడో చదివే నాలాంటివాళ్ళకు లెడ్జరే. ముప్పయి వరసలు లెక్కపెట్టడానికి ఫార్ములా ఎందుకు, వేలు పెట్టి పైనుంచి కిందికి వస్తే చాలు. గుడ్‌రీడ్స్‌ను ఎవరైనా సరే, చదవాల్సిన వాటి జాబితా వరకు ఉంచుకుంటే నయం.

లెడ్జర్ మొదలుపెట్టేవాళ్ళు ఇన్నేళ్ళుగా చదివినవన్నీ గుర్తు తెచ్చుకుని నింపాలని కూర్చోకండి. గుర్తుండేవి నచ్చినవే, వాటితో లెక్క ఒకవైపు ఒరిగిపోతుంది. ఈరోజు చేతిలో ఉన్న పుస్తకంతో మొదలుపెట్టండి. చివర ఒక గడి మాత్రం ఖాళీ వదలండి, "ఎవరికిచ్చాం" అని. చదవడానికీ దానికీ సంబంధం లేదు గానీ, మా బావమరిది షీట్‌లో నా పేరు ఆ గడిలోనే చాలాసార్లు ఉందట.