రికార్డు తేదీకి ముందు రోజు షేర్లు కొనమనే సలహాదారులతో జాగ్రత్త

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారాలు మదుపరుల సమావేశాలు పెట్టి, ‘డివిడెండ్ క్యాలెండర్’ (డివిడెండ్ అంటే కంపెనీ తన వాటాదారులకు పంచే సొమ్ము) పేరుతో 5,000 రూపాయల చందా కట్టించుకుంటున్న ఒక సలహా కార్యాలయం వల్ల నేను, మా బావమరిది నష్టపోయాము. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో విజయవాడలోనూ చందాలు కడుతున్నారని విన్నాను కనుక పద్ధతినే వివరిస్తున్నాను.

మాకు ఇచ్చిన కరపత్రంలో ఒక కంపెనీ ‘900 శాతం డివిడెండ్’ ఇస్తున్నదని ఎర్ర అక్షరాలతో వేశారు. ఆ శాతాన్ని లెక్కగట్టేది మార్కెట్ ధర మీద కాదు, షేరు ముఖ విలువ (కంపెనీ షేరుకు నిర్ణయించిన మూల విలువ) మీద. ముఖ విలువ 2 రూపాయలు కనుక చేతికి వచ్చేది షేరుకు 18 రూపాయలు మాత్రమే. ఆనాటి ధర 312 రూపాయలతో పోలిస్తే అది ఆరు శాతం కూడా కాదు. రికార్డు తేదీకి (ఆ రోజున షేర్లు ఎవరి పేరున ఉంటే వారికే డివిడెండ్) ముందు రోజు కొని, మరునాడు అమ్మేస్తే డివిడెండ్ ఉచితంగా మిగులుతుందని చెప్పగా, నేను 600 షేర్లు 1,87,200 రూపాయలకు కొన్నాను.

మరునాడు ఉదయం 9.15కి మార్కెట్ తెరుచుకునేసరికి ధర 293.50 దగ్గర ఉంది. కాపు మీదున్న మామిడి తోటకు పలికిన ధర కాయ దింపుకున్నాక పలకదు కదా. కంపెనీ ఖజానా నుంచి షేరుకు 18 రూపాయలు బయటికి పోతున్నప్పుడు, ఆ మేరకు ధర తగ్గడం సహజమని నాకు అప్పుడు గాని తట్టలేదు. ఆ ధరకే అమ్మితే 11,100 రూపాయలు పోయాయి. తరువాత డివిడెండ్ 10,800 రూపాయలకు పది శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) పోగా 9,720 ఖాతాలో పడింది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల మీద పన్ను), బ్రోకరేజీ, చందా సొమ్ము వేరు. అన్నిటికంటే బాధ కలిగించినది మా ఆడిటరు చెప్పిన మాట: 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మదుపరి ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్నుకు లోబడుతుంది, కాని షేరు అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఆ డివిడెండ్ మీద సర్దుబాటు చేసుకునే వీలు లేదు.

మా బావమరిది అమ్మకుండా ఉంచుకున్నాడు. ఆయన మోసపోయిన తీరు వేరు. ఆ 18 రూపాయలు వ్యాపార లాభం నుంచి వచ్చినవి కావు. కంపెనీ పాత స్థలం ఒకటి అమ్మి, ఒక్కసారికి పంచిన ప్రత్యేక డివిడెండ్. ఆ ఏడాది వ్యాపారం మీద షేరుకు వచ్చిన లాభం 11 రూపాయలే. లాభంలో 30 శాతం పంచుతామని కంపెనీ డివిడెండ్ విధానంలోనే రాసి ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలు ఈ విధాన పత్రాన్ని వెబ్‌సైట్‌లో ఉంచాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ఉన్నా, మేమిద్దరమూ తెరిచి చూడలేదు. మరుసటి ఏడాది వచ్చినది 3 రూపాయలు. ఈలోగా ధర 240కి జారితే, యాప్‌లో పాత 18 రూపాయలనే లెక్కలోకి తీసుకొని డివిడెండ్ యీల్డ్ (షేరు ధరలో డివిడెండ్ ఎంత శాతమో చెప్పే లెక్క) 7.5 శాతమని చూపించింది. ధర పడేకొద్దీ యీల్డ్ ఇంకా ఆకర్షణీయంగా కనిపించడం వల్లనే ఆయన మరో 200 షేర్లు కొన్నాడు.

దీర్ఘకాలంలో షేరు మీద వచ్చే రాబడి మూడు చోట్ల నుంచి వస్తుంది: చేతికందే డివిడెండ్, కంపెనీ లాభాల పెరుగుదల, ఆ లాభానికి మార్కెట్ ఎన్ని రెట్లు చెల్లించడానికి సిద్ధపడుతుందన్న దానిలో మార్పు. మా కంపెనీలో లాభం పెరగలేదు, రెట్లు తగ్గాయి. మొదటిది ఎంత ఇచ్చినా తక్కిన రెండూ లాగేసుకున్నాయి. పన్నులూ ఖర్చులూ లేని మార్కెట్‌లో, పెట్టుబడుల ప్రణాళిక మారనంత కాలం, డివిడెండ్ ఎంత పంచారన్నది కంపెనీ విలువను మార్చదని ఆర్థికవేత్తలు మిల్లర్, మొదిలియాని 1961లోనే చూపించారు. పన్నులున్న మన దగ్గర ఈ ‘ముందు రోజు కొనుగోలు’ మదుపరికి మరింత భారమే.

చందా కట్టాక వారి సెబీ నమోదు సంఖ్య అడిగితే గోడకున్న జీఎస్‌టీ ధ్రువపత్రాన్ని చూపించారు. నమోదైన పెట్టుబడి సలహాదారుల సంఖ్య ‘ఐఎన్‌ఏ’ అక్షరాలతో మొదలవుతుంది, ఆ జాబితా సెబీ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులో వీరి పేరు లేదు. చందా తిరిగి ఇవ్వమని రెండు సార్లు రాతపూర్వకంగా కోరాను. సమాధానం రాలేదు గాని, వచ్చే నెల క్యాలెండరు మాత్రం వాట్సాప్‌లో వచ్చింది, ఈసారి ‘1,200 శాతం’ అని.