ఆరేళ్లుగా డిక్కీలో ఉన్న మూడొందల మీటర్

కరెంటు సామాన్ల కొట్లో మూడొందలకి కొన్న డిజిటల్ మల్టీమీటర్ ఇది, వోల్టులు కొలిచేది. పెద్ద పేరున్నది కాదు. అంతకుముందు ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చి, ఒళ్లు మండి కొన్నాను.

మాది కళింగపట్నం. కారు 1997 మోడల్, కార్బురేటర్ బండి. పొద్దున్న తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు, అంతే. సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పే మోటారు) తిరగదు. శ్రీకాకుళంలో చూపిస్తే "బేటరీ పోనాది బాబూ" అన్నారు. కొత్తది వేశాక నాలుగు నెలలు బాగానే నడిచి మళ్లీ టక్. ఇంకో బ్యాటరీ. మళ్లీ అదే.

మీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. మా ఆవిడ చేత తాళం తిప్పించి చూశాను (గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి). సెల్ఫ్ తిరిగేటప్పుడు మామూలుగా పది, పదకొండుకి పడాలి. ఇక్కడ పన్నెండు దాటే ఉంది. బ్యాటరీలో కరెంటు ఉంది, సెల్ఫ్ దాకా పోవడం లేదన్నమాట. అప్పుడు మీటర్ వైరు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తిప్పించాను. అర వోల్టు లోపు ఉండాల్సింది మూడు దాటింది. అంటే ఆ రెంటినీ కలిపే ఎర్త్ వైరు దగ్గరే అడ్డు! గేర్‌బాక్స్ దగ్గర బోల్టు విప్పితే కింద ఆకుపచ్చ పొడి. సముద్రం ఒడ్డున ఉప్పుగాలి మరి. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజలైన్ రాశాను. ఏడాదికోసారి రాస్తున్నాను. ఆ బ్యాటరీ ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చింది.

లోపాలు లేకపోలేదు. వైర్లు రెండుసార్లు తెగాయి. స్క్రీన్‌కి లైటు లేదు. అన్నిటికన్నా చిరాకు, లోపలి తొమ్మిది వోల్టుల సెల్లు నీరసపడితే ఇది తక్కువ కాదు, ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి డైనమో (బ్యాటరీకి ఛార్జి ఎక్కించేది) 16 వోల్టులు ఇస్తోందని చూపించి ఒక పూటంతా టెన్షన్ పెట్టింది. సెల్లు మారిస్తే 14.1, ఉండాల్సినంతే.

సెల్ఫ్ బాగా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే మాత్రం ఇది పెద్దగా పనికిరాదు. ప్లగ్ వైరుకి అసలు పెట్టకండి, అక్కడ వేల వోల్టులు. వారం కదపని బండైతే నేను ముందు ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, యాక్సిలరేటర్ తీగ లాగి, కార్బురేటర్‌లోకి పెట్రోలు చిమ్ముతోందా అని చూస్తాను. చిమ్మకపోతే అందులో పెట్రోలు నిలవుండే గిన్నె ఎండిపోయినట్టే, కాస్త ఆగి ఆగి సెల్ఫ్ కొడితే వస్తుంది.

పోయిన రథసప్తమికి తెల్లారకముందే అరసవల్లి బయల్దేరబోతే బండి కిక్కురుమనలేదు. ఫోన్ టార్చి వెలుగులో మీటర్ 11.7 చూపించింది. రాత్రి పిల్లలు లోపలి లైటు ఆర్పలేదు. అందరం దిగి తోశాం.