అమ్మకు తెలుగులో చెబుతూ చూసిన చైనా ప్రేమకథలు: ఆరేళ్ళ అనుభవం

అమ్మకి ఇంగ్లీష్ రాదు. అందుకే మా ఇంట్లో చైనా సీరియల్ చూడటమంటే, కింద పడే సబ్‌టైటిల్ చదివి నేను తెలుగులో చెప్పడం, ఆవిడ వినడం. 2020 వేసవిలో మొదలైంది ఇది. లాక్‌డౌన్‌లో మన సీరియళ్ళ షూటింగులు ఆగిపోయి, చానళ్ళు పాత ఎపిసోడ్లే మళ్ళీ మళ్ళీ వేస్తున్న రోజులు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ముప్పై దాకా పూర్తి చేసి ఉంటాం. సగంలో వదిలేసినవి ఇంకో పది. దాదాపు అన్నీ ఒకే రకం: పాతకాలపు బట్టలు, కోటలు, పల్లకీలు, వాటి మధ్య సరదాగా సాగే ప్రేమకథ. పాతకాలపు వేషాలతో తీసే సీరియళ్ళని చైనాలో గుజ్వాంగ్ అంటారు. వాటిలో తీపి ఎక్కువున్న ప్రేమకథల్ని తియాన్‌చొంగ్ అంటారు. తియ్యగా గారాబం చేయడం అని ఆ మాటకి అర్థం.

ఇన్ని చూశాక నాకు ఒక కొలత దొరికింది. నేను డైలాగ్ చెప్పకముందే అమ్మ నవ్విందంటే ఆ సీరియల్ బాగున్నట్టు. నటులు ముఖంతో, నడకతో, ఒక్క క్షణం ఆగడంతో నవ్వు తెప్పించారన్నమాట. నేను చెప్పాక నవ్విందంటే ఫరవాలేదు. చెప్పాక కూడా “అంటే?” అని అడిగిందంటే మర్నాడు ఇంకోటి వెతుక్కోవడమే.

ఈ కొలతలో ఇప్పటికీ మొదటి స్థానం మేము మొట్టమొదట చూసినదానిదే. ‘ది రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్’, 2020లో వచ్చింది, 24 ఎపిసోడ్లు. మూడుసార్లు చూశాం. చెన్ షియావ్‌చియాన్ అనే అమ్మాయి సీరియళ్ళకి కథలు రాస్తుంది. తన కథలో ప్రేమ లేదని హీరోగా చేయాల్సిన నటుడు గొడవపడతాడు. పట్టుదలతో రాత్రంతా కూర్చుని స్క్రిప్టు తిరగరాస్తూ నిద్రపోతుంది. లేచి చూస్తే తన కథలోనే ఉంటుంది. అది కూడా హీరోయిన్‌గా కాదు. మూడో ఎపిసోడ్‌లో హీరో హాన్ షువో చేతిలో విషంతో చచ్చిపోవాల్సిన మూడో రాకుమారి చెన్ చియాన్‌చియాన్‌గా. బతకాలంటే తను రాసిన కథని తనే తప్పించుకోవాలి.

ఇందులో సరదా ఎక్కడి నుంచి పుడుతుందో చెప్పాలి. అది అర్థమైతే మిగతావి ఎందుకు తేలిపోతాయో తెలుస్తుంది. హాన్ షువోని అసలు హీరోయిన్ అయిన రెండో రాకుమారికి దగ్గర చేసి తను బయటపడాలని చియాన్‌చియాన్ చూస్తుంది. ఆమె ఏం చేసినా, అదంతా తన మీద ప్రేమతోనే చేస్తోందని అతను అనుకుంటాడు. తనని చంపకుండా అతన్ని ఆపాలని ఆమె, ఆమె ప్రేమని ఎలా తట్టుకోవాలా అని అతను. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రెండు వేర్వేరు కథల్లో ఉంటారు. చియాన్‌చియాన్‌గా వేసిన జావో లూసీ కంగారు, హాన్ షువోగా వేసిన డింగ్ యూషీ ముఖంలో మెల్లగా పెరిగే నమ్మకం. అమ్మ నవ్విందల్లా అతన్ని చూసే. విషం ఇవ్వడానికి వచ్చినవాడు ఆ పిల్ల నాలుగు మంచి మాటలు అనగానే తడబడతాడు. అక్కడ నేను చెప్పడానికి ఏమీ ఉండదు, అతని కళ్ళే చెప్పేస్తాయి.

పైగా ఆ కథ నడిచే నగరంలో అధికారమంతా ఆడవాళ్ళది. పదవులు వాళ్ళవే, మగవాళ్ళు ఇంటిపట్టున ఉండి పరువు కాపాడుకోవాలి. హాన్ షువో సొంత నగరంలో అంతా దీనికి తలకిందులు. పెళ్ళికొడుకు శీలం గురించి వీధిలో జనం చెవులు కొరుక్కుంటుంటే అమ్మ చాలాసేపు నవ్వింది, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఇదే మాట మా మేనత్త గురించి అన్నారు” అంది. ఆ సీరియల్ పాఠం చెప్పే పద్ధతిలో ఎక్కడా నడవదు. తిప్పి చూపిస్తుంది, అంతే. సెట్టింగులు చూస్తే పెద్ద ఖర్చు పెట్టినట్టు అనిపించదు. కథ గట్టిగా ఉంది కాబట్టి ఆ లోటు తెలియదు.

దాని లోపం కూడా చెబుతాను. చివర్లో సైన్యాలు, కోట ముట్టడి వచ్చి పడతాయి, నవ్వు తగ్గిపోతుంది. ఇది ఈ ఒక్కదాని జబ్బు కాదు. ఈ రకం సీరియళ్ళలో పదికి ఎనిమిదింటికి ఉంది. మూడింట రెండొంతులు హాయిగా నడిచి, ఆఖరి పది ఎపిసోడ్లలో ఎవరో ఒకరికి జబ్బో, జ్ఞాపకం పోవడమో, రాజ్యం కోసం విడిపోవడమో జరుగుతుంది. సరదాగా మొదలుపెట్టినవాళ్ళు చివరికి ఏడిపిస్తేనే గౌరవం అనుకుంటారేమో అని నాకు బాధగా ఉంటుంది. నవ్వించడం చిన్న పనేమీ కాదు. చివరిదాకా నవ్వించగలగడం ఇంకా పెద్ద పని.

ఈ మార్పు నాకు బాగా తగిలింది ‘లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్’ దగ్గర. 2022లో వచ్చింది, 36 ఎపిసోడ్లు. ఇది దేవలోకం, రాక్షసలోకం కథ. షియావ్ లాన్‌హువా అనే చిన్న పూల దేవత పొరపాటున ఒక గోపురంలోకి వెళ్ళి, ముప్పై వేల ఏళ్ళుగా బందీగా ఉన్న రాక్షసరాజుని విడిపిస్తుంది. అతనికి ఏ భావమూ తెలియదు. ఒక మంత్రం వల్ల ఆమెకి ఏది కలిగితే అతనికీ అదే కలుగుతుంది. ఆమె ఏడిస్తే, నల్లటి బట్టల్లో నిటారుగా నిలబడ్డ ఈ భయంకరుడి కళ్ళలోనూ నీళ్ళు. తన కన్నీటిని వేలితో తీసి ఇదేమిటన్నట్టు చూసుకుంటాడు. రాక్షసరాజుగా వాంగ్ హెదీ అక్కడ గొప్పగా చేశాడు. పూల దేవతగా వేసిన ఎస్తర్ యూ గొంతు మొదట్లో మరీ చిన్నపిల్లలా ఉందని నాకు చిరాకేసింది. కానీ ఇద్దరి శరీరాలూ తారుమారయ్యాక, అతనిలా నడిచే ఆమెని చూసి మాట వెనక్కి తీసుకున్నాను. ఆఖరి భాగం మాత్రం ఏడుపే ఏడుపు. బాగా తీశారు, కాదనను. కానీ పడుకునే ముందు చూసేది కాదు. అమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరిదాకా తేలిగ్గా ఉండగలిగింది, నేను చూసినవాటిలో, ‘న్యూ లైఫ్ బిగిన్స్’. అదీ 2022దే, 40 ఎపిసోడ్లు. తొమ్మిది రాజ్యాల నుంచి అమ్మాయిల్ని తెచ్చి రాకుమారులకి పెళ్ళిళ్ళు చేస్తారు. లీ వే అనే అమ్మాయిది ఒకరికి ఒకే భార్య ఉండే ఊరు. ఈ ఎంపికలో ఎలాగోలా తప్పి ఇంటికి పోవాలన్నదే ఆమె ఆశ. పోలేకపోతుంది. తండ్రి దృష్టిలో పెద్దగా లెక్కలోకి రాని ఆరో రాకుమారుడు యిన్ జెంగ్‌కి భార్య అవుతుంది. తర్వాత అసలు భార్యగా రావాల్సిన అమ్మాయి వస్తుంది. మన సీరియల్ అయితే ఇక్కడి నుంచి విషం కలిపిన పాలగ్లాసులే. ఇక్కడ ఆ ఇద్దరూ స్నేహితులవుతారు. కోడళ్ళంతా ఒకచోట చేరి తింటూ తమ ఊళ్ళ గురించి చెప్పుకునే సీన్లు నాకు ప్రేమ సీన్లకన్నా ఎక్కువ నచ్చాయి. లీ వేగా వేసిన టియన్ షీవే తింటుంటే మనకి ఆకలేస్తుంది. రెండు మూడు రోజులు సాయంత్రాలు మేమూ పకోడీలు వేసుకుని కూర్చున్నాం.

ఆ సీరియల్ చెప్పేటప్పుడే నాకు ఇంకో సంగతి బాగా తెలిసొచ్చింది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్ ఈ కథలకి చాలా అన్యాయం చేస్తుంది. వాళ్ళు ‘సౌజ’ అంటే అన్న భార్య, మన వదిన. ‘దీమెయ్’ అంటే తమ్ముడి భార్య, మన మరదలు. కింద మాత్రం రెంటికీ సిస్టర్ ఇన్ లా అని పడుతుంది. ఇంకా ముఖ్యమైనది ‘బియావ్‌గె’. సబ్‌టైటిల్‌లో కజిన్ అని ఉంటుంది. ఆ కజిన్ హీరోయిన్ వెంట పడుతుంటే అమ్మ మొదట్లో “అన్నయ్య వరసవాడు ఇదేం పని!” అని మండిపడింది. తర్వాత తెలుసుకున్నాను. చైనాలో తండ్రి అన్నదమ్ముల పిల్లలు ‘తాంగ్’, వాళ్ళు సొంత అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. మేనత్త, మేనమామ పిల్లలు ‘బియావ్’. పాతకాలంలో వాళ్ళతో పెళ్ళి కుదిరేది. పిన్ని, పెద్దమ్మ పిల్లల్ని కూడా వాళ్ళు ‘బియావ్’ కిందే వేస్తారు, అది మనకి పొసగదు. మిగతాదంతా మన వరసే. 1980 వివాహ చట్టం వచ్చాక అక్కడ ఈ పెళ్ళిళ్ళు చెల్లవు, కానీ పాతకాలపు కథల్లో ఉంటాయి. అప్పటి నుంచి నేను కజిన్ అనడం మానేసి ‘బావ’ అంటున్నాను. అమ్మకి కథ మొత్తం ఒక్క క్షణంలో అర్థమైపోతుంది. అతను ఎందుకు అంత హక్కుగా మాట్లాడుతున్నాడో, ఆమె ఎందుకు మొహమాటపడుతోందో విడిగా చెప్పక్కర్లేదు.

ఇలాంటివే ఇంకొన్ని. పెళ్ళికూతురి ఎర్రటి మేలిముసుగుని పెళ్ళికొడుకు చేత్తో తీయడు, తూకం వేసే కర్రతో ఎత్తుతాడు. తూకం కర్రకి వాళ్ళు వాడే మాటకీ, మనసుకి నచ్చినట్టు అనే మాటకీ దగ్గర పోలిక ఉంది. అందుకే ఆ కర్ర. అమ్మకి మన అడ్డుతెర గుర్తొచ్చింది. పండగ రాత్రి నదిలో దీపాలు వదిలే సీన్ ఈ సీరియళ్ళలో తప్పకుండా ఒకటి ఉంటుంది. మాది రాజమండ్రి. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున గోదావరిలో అరటి డొప్పల మీద దీపాలు వదిలేవాళ్ళం. అక్కడివి కాగితపు తామరపూలు. “గాలికి మనవాటిలాగే పక్కకి పోతున్నాయే” అంది అమ్మ. ఆ రాత్రి ఆ సీన్ రెండుసార్లు వేశాను.

తీసే పద్ధతి గురించి కాస్త చెప్పాలి. కొన్నాళ్ళు చూశాక అవే మెట్లు, అదే వంతెన, అదే కోట గుమ్మం అనిపిస్తుంది. అది మన భ్రమ కాదు. వీటిలో చాలావరకు జెజియాంగ్ రాష్ట్రంలోని హెంగ్‌డియన్‌లో తీస్తారు. 1996లో ఒక సినిమా కోసం మొదలైన చోటు, మన రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చిన ఏడాదే. బీజింగ్‌లోని రాజప్రాసాదాన్ని అక్కడ అసలు కొలతలతో మళ్ళీ కట్టారు. ఇంకోటి డబ్బింగ్. తెర మీద నటి ఒకరు, గొంతు ఇంకొకరిది అన్నది అక్కడ మామూలు. విజయశాంతికి సరిత గొంతు విని పెరిగినవాళ్ళం కాబట్టి మనకి ఇది వింత కాదు. కాకపోతే ముగ్గురు హీరోలకి ఒకే గొంతు వినిపించినప్పుడు ఇబ్బందిగా ఉంటుంది.

నాకు నిజంగా నచ్చనివి రెండున్నాయి. ఒకటి, ముఖాల మీద ఫిల్టర్. కొన్నింటిలో హీరోయిన్ చర్మం మైనంలా ఉంటుంది, చిన్న ముడత కూడా కనపడదు. నవ్వు సీన్‌లో ముఖం కదలకపోతే ఇంకేం మిగిలింది? రెండోది, కోపంలో హీరో చెయ్యి పట్టి ఈడ్చడం, బలవంతంగా ముద్దు పెట్టడం. పాతవాటిలో ఎక్కువ. 2017లో వచ్చిన ‘ది ఎటర్నల్ లవ్’, ఒకే శరీరంలో ఇద్దరమ్మాయిల ఆత్మల కథ, మొదట్లో ఎంతో సరదాగా ఉన్నా ఇలాంటి చోట్ల నాకు నచ్చలేదు. ఆ సీన్లు వస్తే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేను ముందుకి జరుపుతాను.

పొడుగు విషయంలో మంచి మార్పే వచ్చింది. 2018 ప్రాంతంలో డెబ్భై ఎపిసోడ్ల కోట కథలు ఉండేవి. 2020 ఫిబ్రవరిలో చైనా ప్రసార శాఖ నలభై ఎపిసోడ్లు దాటొద్దని, వీలైతే ముప్పై లోపే తీయమని చెప్పింది. సరదా ప్రేమకథకి ఇరవై నాలుగే సరైన కొలత అని నా అనుభవం. నలభైలో పది ఎపిసోడ్లు సాగదీతే ఉంటుంది.

ఎక్కడ చూడాలంటే, 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో చైనా సీరియళ్ళు వేసే వీటీవీ కూడా పోయింది. మేము ఎక్కువగా యూట్యూబ్‌లో ఆ సీరియళ్ళ సంస్థలే పెట్టే ఎపిసోడ్లు, కొన్ని నెట్‌ఫ్లిక్స్‌లో చూస్తాం. ఒక యాప్‌కి ఏడాది డబ్బు కట్టి మోసపోయాం. పద్నాలుగో ఎపిసోడ్ దగ్గర ఈ కార్యక్రమం మీ దేశంలో లేదని వచ్చింది. మూడు మెయిళ్ళు పెడితే మూడింటికీ ఒకే జవాబు. డబ్బు రాలేదు. కాబట్టి ముందు నెలకే కట్టండి. మెషీన్ చేసిన సబ్‌టైటిళ్ళు ఉన్నవి అసలు వద్దు. చైనీస్‌లో అతను, ఆమె రెండూ పలకడానికి ‘తా’ అనే ఒక్క శబ్దమే. మెషీన్ ఒక వాక్యంలో హీరోని ఆడదాన్ని చేస్తుంది, తర్వాతి వాక్యంలో రాణిని మగవాణ్ణి చేస్తుంది. ఆ గందరగోళంలో నేను అమ్మకి తప్పు కథ చెప్పిన రోజులున్నాయి.

ఇటీవల చూసింది ‘ఎ డ్రీమ్ వితిన్ ఎ డ్రీమ్’, 2025లో వచ్చింది. చిన్న వేషాలు వేసే నటి తన చేతికొచ్చిన స్క్రిప్టులోకి వెళ్ళిపడుతుంది. ఆ కథలో హీరోయిన్ పడే బాధలు చదివి, నాకొద్దీ హీరో అని పారిపోతుంది. కథ మాత్రం ఆమెని పట్టుకుని వెనక్కి లాక్కొస్తూనే ఉంటుంది. ఆ నటిగా వేసిన లీ యీతోంగ్ పరుగులు చూసి అమ్మ నాకన్నా ముందే నవ్వింది, అదీ చాలాసార్లు. నలభై ఎపిసోడ్లు కావడంతో మధ్యలో జారింది. అయినా ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను దీన్ని రెండోదిగానే చెబుతాను. మొదట టైగర్ అండ్ రోజ్, తర్వాత ఇది, ఆ తర్వాత న్యూ లైఫ్ బిగిన్స్. ఫెయిరీ అండ్ డెవిల్ మాత్రం ఆదివారం పగటిపూటకి ఉంచుకోండి.

నిన్న రాత్రి ఏం పెట్టమంటావని అడిగితే అమ్మ “ఆ విషం పిల్లాడిది పెట్టవే” అంది. నాలుగోసారి మొదలైంది. డైలాగులు చాలావరకు ఆవిడకే వచ్చు ఇప్పుడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పేస్తోంది.