షుగర్ సెన్సార్‌తో మూడేళ్లు: అంకెను ఎంతవరకు నమ్మాలి?

నాకు టైప్ 1 షుగర్ వచ్చి 22 ఏళ్లు. మూడు పూటలా తిండికి ముందు ఒక ఇన్సులిన్, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి, రోజుకు నాలుగు సూదులు. 19 ఏళ్లపాటు వేలు పొడుచుకుని మీటర్‌లోనే చూసుకున్నాను. 2023 సంక్రాంతి సెలవుల్లో మొదటి సెన్సార్ పెట్టుకున్నాను, అంటే జబ్బకు అతికించుకుంటే షుగర్ ఎంతుందో ఫోన్‌లో చూపించే బిళ్ల. డబ్బు సర్దుబాటు కాని రెండు మూడు నెలలు తప్పిస్తే, అప్పటినుంచీ ఎడమ చేతికో కుడి చేతికో అది ఉంటూనే ఉంది.

స్టాఫ్ రూమ్‌లో, పెళ్లిళ్లలో, సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా "అది కొనొచ్చా అమ్మా, కరెక్టుగా చూపిస్తుందా?" అని అడుగుతుంటారు. బస్టాపు వచ్చేలోపు చెప్పగలిగే జవాబు కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. రెండు రకాలు వాడాను, చెప్పబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఏది కొన్నా ఉండేవే.

నేను దీన్ని కొన్నదే రాత్రుల కోసం. 2022లో ఒక రాత్రి మూడింటికి మావారికి మెలకువ వచ్చి చూస్తే నా దిండు చెమటతో తడిసి ముద్దయి ఉంది, పిలిస్తే పలకడం లేదు. మీటర్ 38 చూపించింది, 70కి తగ్గకూడనిది. ఆ రాత్రి గట్టెక్కాం. ఆ తర్వాత ఆయన రోజూ రెండింటికి అలారం పెట్టుకుని లేచి, నా నుదురు తడిమి చూసి మళ్లీ పడుకునేవారు. నేను నిద్ర నటిస్తూ ఎన్నోసార్లు ఆ చెయ్యి కోసం ఎదురుచూశాను.

మొదట కొన్నదానికి అలారం లేదు. ఫోన్‌ని చేతి దగ్గర పెట్టి స్కాన్ చేస్తేనే రీడింగ్ వస్తుంది. అయినా అదే పెద్ద మేలు అయింది. ఆయన నన్ను లేపకుండా, దుప్పటి కాస్త తొలగించి ఫోన్ ఆనించి చూసుకునేవారు. 2025లో, షుగర్ పడిపోతుంటే తనంతట తానే మోగే రకానికి మారాం. ఆయన రెండు గంటల అలారం తీసేశారు. ఈ సమీక్షలో ఇకపై ఎన్ని ఫిర్యాదులు రాసినా, ఆ ఒక్క సంగతిని మర్చిపోయి రాస్తున్నానని అనుకోకండి.

ఇప్పుడు అంకె సంగతి. సెన్సార్ పది రూపాయల బిళ్ల కన్నా కాస్త వెడల్పుగా ఉంటుంది. దాని కింద అర సెంటీమీటరు పొడవున్న వెంట్రుకలాంటి తీగ చర్మం లోపలికి దిగుతుంది. అది రక్తాన్ని తాకదు. కణాల మధ్య ఉండే ద్రవంలో షుగర్ ఎంతుందో చూస్తుంది. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవంలో కనబడటానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఏమీ తినకుండా కుదురుగా కూర్చున్నప్పుడు సెన్సార్, మీటర్ దాదాపు ఒకటే చెబుతాయి. అన్నం తిన్న అరగంటకు, లేదా నడిచి వచ్చిన వెంటనే చూస్తే రెండింటికీ 30, 40 తేడా ఉంటుంది. మొదటి నెలలో ఆ తేడా చూసి సెన్సార్ పాడైందని అనుకున్నాను. ఈ ఆలస్యం గురించి పెట్టెలోని కాగితంలో ఉంది, కానీ అంత చిన్న అక్షరాల్లో ఎవరు చదువుతారు? అమ్మేవాళ్లు నోటితో చెప్పాల్సిన మాట ఇది.

ఈ ఆలస్యం నిజంగా బాధపెట్టేది షుగర్ పడిపోయినప్పుడు. 62 చూపించింది, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాను. పావుగంటకు చూస్తే 58. చేతులు వణుకుతున్నాయి, భయమేసింది, ఇంకో మూడు చెంచాలు, పైన రెండు బిస్కెట్లు. ఆ తర్వాత గంటకు 240. అసలు మొదటి గ్లాసుతోనే రక్తంలో షుగర్ లేచింది, సెన్సార్‌కే ఇంకా తెలియలేదు. ఇప్పుడు పడిపోయినప్పుడు పంచదార తాగి, పావుగంట తర్వాత వేలు పొడుచుకుని మీటర్‌లో చూస్తాను. ఆ సమయంలో సెన్సార్ అంకెతో నాకు పనిలేదు.

అంకె పక్కన బాణం గుర్తు ఉంటుంది. పైకి, కిందికి, అడ్డంగా. నా దృష్టిలో ఈ పరికరానికి పెట్టే డబ్బంతా ఆ బాణానికే. 110 అడ్డబాణంతో ఉంటే హాయిగా క్లాసుకు వెళ్తాను. అదే 110 కింది బాణంతో ఉంటే జేబురుమాలులో కట్టుకున్న గ్లూకోజ్ బిళ్లలు తీస్తాను. మీటర్‌కి ఈ రెండు 110లూ ఒకటే. 19 ఏళ్లు నేను ఆ తేడా తెలియకుండా బతికాను.

రాత్రి అలారానికి ఒక పెద్ద లోపం ఉంది. నాకు ఎడమవైపు తిరిగి పడుకునే అలవాటు. సెన్సార్ ఎడమ జబ్బ వెనుక ఉన్నప్పుడు నా బరువంతా దానిమీద పడి, అక్కడ రక్తప్రసారం తగ్గి, ఆ చోట మాత్రమే షుగర్ తగ్గినట్టు కనబడుతుంది. రాత్రి రెండున్నరకు 54 అని గోల. మగతలోనే పంచదార నోట్లో వేసుకుని పడుకున్నాను. పొద్దున పరగడుపున 260. ఇలా మూడుసార్లయ్యాక, మంచం పక్కన మీటర్ పెట్టుకోవడం మొదలుపెట్టాను. నాలుగోసారి మోగినప్పుడు మీటర్‌లో 118 వచ్చింది. కుడిపక్కకు తిరిగి పడుకుంటే పది నిమిషాల్లో సెన్సార్ తనే సర్దుకుంది. పక్కగదిలోంచి మా అత్తయ్య మాత్రం "ఏంటమ్మా, మళ్లీ మోగిందా, ఏమైనా తెచ్చేదా?" అంటూ లేచి వచ్చేశారు. 74 ఏళ్ల మనిషి నిద్ర అలా పాడవుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. శబ్దం తగ్గిద్దామంటే, నిజంగా పడిపోయిన రాత్రి వినబడదేమోనని భయం.

అతికించిన మొదటి రోజు రీడింగులను బట్టి నేను ఇన్సులిన్ వేసుకోను. పెట్టుకున్న గంటకే చూపించడం మొదలుపెడుతుంది, కానీ ఆ రోజంతా దాని లెక్క తడబడుతూనే ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జలుబు చేసిందని 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రలు రోజుకు రెండు చప్పరిస్తే, కొన్ని సెన్సార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదం. మీరు కొన్నదానికి ఏ మందు అడ్డొస్తుందో డాక్టర్ని అడగండి.

తిండి విషయంలో ఇది నాకు నేర్పినంత ఏ డైట్ చార్టూ నేర్పలేదు. షుగరుకు మంచిదని పొద్దున్నే తాగిన రాగి జావ నాకు నాలుగు ఇడ్లీలకన్నా వేగంగా పైకి లేపింది. పిండిని నీళ్లలో బాగా ఉడికించి తాగితే అంతే మరి, నమలాల్సిన పని కూడా ఉండదు. అదే రాగి సంకటి కోడికూరతో తింటే నెమ్మదిగా ఎక్కింది. పెసరట్టు నాకు బాగా పడింది, ఉప్మా కలిపితే మాత్రం పడలేదు. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తింటే ఫోన్‌లో షుగర్ గీత అంత నిటారుగా లేవదు. అన్నం తిన్నాక డాబామీద ఇరవై నిమిషాలు నడిస్తే శిఖరం కాస్తా గుట్ట అవుతుంది. బిర్యానీ సంగతి వేరు: తొమ్మిదింటికి తింటే పదకొండుకు 140, భలే అనుకుని పడుకుంటాను, రెండింటికి 270. నెయ్యి, నూనె వల్ల అరుగుదల ఆలస్యమై అర్ధరాత్రి ఎక్కుతుంది. బంగినపల్లి మామిడి రెండు ముక్కలు, భోజనంతో కాకుండా సాయంత్రం నడకకు ముందు. ఈ లెక్కలన్నీ నా ఒంటివి. మీ ఒంటికి వేరేగా ఉండొచ్చు, అందుకే ఎవరి గీత వాళ్లు చూసుకోవాలి.

ఇక ఎండలు. విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో ఈ జిగురు నిలవదు. 14 రోజులు ఉండాల్సిన సెన్సార్‌కి తొమ్మిదో రోజుకే అంచు లేస్తుంది. బ్లౌజు చెయ్యి కొస సరిగ్గా సెన్సార్ మీదకే వస్తుంది. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడితే ఎవరి సంచో తగిలి పీకేస్తుంది. ఒకసారి మా మరిది పెళ్లిలో వంకీ పెట్టుకోబోయి, పెట్టుకుని రెండే రోజులైనదాన్ని పోగొట్టుకున్నాను. అప్పటినుంచి బ్లౌజులు మోచేతి దాకా కాస్త వదులుగా కుట్టించుకుంటున్నాను. పెట్టుకునే రోజు ఒంటికి నూనె తగలనివ్వను. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెడతాను. పైన మెడికల్ షాపు టేపు చుట్టూ వేస్తాను, మధ్యలో ఉన్న చిన్న రంధ్రాన్ని మూయకుండా. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచితే తోలు లేవకుండా ఊడివస్తుంది. దురదకు మాత్రం నాకు పూర్తి పరిష్కారం దొరకలేదు. చెయ్యి మార్చడం, పాత చోటుకు కనీసం నెల విరామం ఇవ్వడం, అంతే.

గడువుకు ముందే ఆగిపోతే కంపెనీవాళ్లు కొత్తది పంపుతారు, కానీ ఫోన్లు, ఫోటోలు, సీరియల్ నంబరు, వారం రోజులు. పెట్టె పారేయకండి, నంబరు దానిమీదే ఉంటుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది, ఇదంతా ఫోన్ మీద ఆధారపడటం. బ్యాటరీ ఆదా చేద్దామని ఫోన్ తనంతట తానే యాప్‌ని ఆపేస్తుంది. రాత్రంతా మోగలేదు, బాగుందనుకుంటాను, పొద్దున చూస్తే ఐదు గంటల గీతే లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ యాప్‌కి బ్యాటరీ కట్టడి తీసేయాలి. ఇది కొన్న రోజే చేయాల్సిన పని. పదో తరగతి పరీక్షల్లో ఇన్విజిలేషన్ డ్యూటీ పడితే సెంటర్లోకి ఫోన్ తీసుకెళ్లకూడదు. నియమం న్యాయమైనదే, పేపర్ లీకులు చూసినవాళ్లమే కదా. కానీ ఆ మూడు గంటలపైన సెన్సార్ నా చేతికుండీ లేనట్టే. మీటర్ సంచిలో పెట్టుకుని, వెళ్లేముందు కావాలనే షుగర్ 150 దాకా ఉంచుకుని వెళ్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మేం అజిత్‌సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులో ఉన్నాం. కింద ఇళ్లు మునిగాయి, కరెంటు పోయింది. మర్నాటి మధ్యాహ్నానికి ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపోయాయి. ఐదు వేల రూపాయల సెన్సార్ జబ్బకు అంటుకునే ఉంది, లోపల లెక్క కడుతూనే ఉండి ఉంటుంది, చదివేదే లేదు. బీరువాలో అడుగున పాత మీటర్, 17 స్ట్రిప్పులు దొరికాయి. రోజుకు నాలుగు చొప్పున వాడుకున్నాను. ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టాం. బయటినుంచి వచ్చిన పులిహోర పొట్లాలు తింటూ, ఏ పొట్లానికి ఎన్ని యూనిట్లో పాత అలవాటుతో అంచనా వేసుకున్నాను. ఆ నాలుగు రోజుల తర్వాత నేను స్ట్రిప్పులు ఎప్పుడూ యాభైకి తగ్గనివ్వలేదు.

ఇంట్లో మాటల్లో వచ్చిన ఒక మార్పు కూడా చెప్పాలి. మావారి ఫోన్‌లో కూడా నా గీత కనబడుతుంది. నేను దేనికైనా గట్టిగా మాట్లాడితే ఆయన ముందు ఫోన్ చూస్తారు. "షుగర్ తగ్గిందేమో చూసుకో" అంటారు. ఒకసారి అలా అన్నప్పుడు నా షుగర్ 124, నా కోపానికి కారణం వేరే ఉంది. ప్రేమతోనే అడుగుతారని తెలుసు. అయినా నా మనసును కూడా ఆ అంకెతో కొలిస్తే నొప్పిగా ఉంటుందని ఒకరోజు కూర్చుని చెప్పాను. ఇప్పుడు ముందు నన్ను అడిగి, తర్వాత ఫోన్ చూస్తున్నారు.

ఫలితం అంటారా, 70 నుంచి 180 మధ్య ఉండే సమయం మొదటి పక్షంలో 46 శాతం, ఇప్పుడు 70కి అటూ ఇటూ. మామూలుగా డాక్టర్లు కోరేది 70 శాతం పైన. మూడు నెలల సగటు చెప్పే HbA1c రక్తపరీక్ష 8.8 శాతం నుంచి 7.2కి వచ్చింది. సెన్సార్ పెట్టుకున్నాక రాత్రి స్పృహ తప్పడం ఒక్కసారి కూడా జరగలేదు.

ధర దగ్గరే అంతా ఆగిపోతుంది. ఒక్కోటి ఐదు వేలకు అటూ ఇటూ కొంటున్నాను, ఏడాదికి 26 కావాలి. లక్షా ముప్పై వేలు. ఇద్దరం జీతగాళ్లం కాబట్టి నెట్టుకొస్తున్నాం. మాత్రలతో అదుపులో ఉన్న టైప్ 2 వాళ్లు ఏడాదంతా వాడాల్సిన అవసరం నాకు కనబడదు. ఏ తిండికి ఎంత లేస్తుందో తెలుసుకోవడానికి డాక్టర్ని అడిగి ఏడాదికి ఒకటో రెండో పెట్టుకుంటే సరిపోవచ్చు. ఇన్సులిన్ మీద ఉండి, రాత్రిళ్లు పడిపోయేవాళ్లయితే అప్పు చేయకుండా ఎన్ని కొనగలిగితే అన్ని కొనండి.

మా స్కూల్లో ఆరో తరగతి పాపకు కిందటి దసరాకు టైప్ 1 అని తేలింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. నా చేతికున్నది చూసి పాప చెప్పిందట, వచ్చి అడిగాడు. మొత్తం చెప్పాను. "నెలకు పదివేలా టీచర్‌గారూ?" అని కాసేపు నిలబడిపోయాడు. పదకొండేళ్ల పిల్లకు షుగర్ పడిపోతుంటే తెలుసుకుని చెప్పడం కూడా రాదు, నాకన్నా దానికే ఇది ఎక్కువ అవసరం. నా దగ్గరున్న రెండో మీటర్, రెండు డబ్బాల స్ట్రిప్పులు ఇచ్చి పంపాను. మధ్యాహ్నం భోజనానికి ముందు ఆ పాప స్టాఫ్ రూమ్‌కి వస్తుంది. ఇద్దరం కలిసి వేలు పొడుచుకుంటాం, నా సెన్సార్ ఎంత చెప్పిందో ముందు తనే ఫోన్‌లో చదివి చెబుతుంది.